ఎకరమా, ఐదు గుంటలా?

సిద్దిపేట జిల్లా, చిన్నకోడూరు మండలం, చంద్లాపూర్. ఊరి దేవుడు రంగనాయకస్వామి పేరే పక్కన కట్టిన జలాశయానికీ పెట్టారు. 2020 ఏప్రిల్ 24న రంగనాయక సాగర్‌లోకి నీళ్ళు ఎత్తిపోశారు. నిల్వ 3 టీఎంసీలు. కింద లక్ష ఎకరాలకు పైగా ఆయకట్టు అని లెక్క. ఇంత నీళ్ళ పక్కన బీళ్ళుంటాయా అని అడిగేవాళ్ళు కట్ట మీద నిలబడి ఫొటో దిగి పోయేవాళ్ళే. కట్ట దిగి చెల్కల్లోకి నడిస్తే కనబడతాయి. బోర్లు ఎండిన కాలంలో పట్నం పోయిన కుటుంబాల భూములవి. నీళ్ళొచ్చాయి, ధరలు పెరిగాయి, మనుషులు మాత్రం తిరిగి రాలేదు. అమ్మబుద్ధి కాదు, దున్నే తీరిక లేదు. ఈ రెంటి నడుమ తుమ్మ పెరిగింది.

అట్లాంటి ఒక ఎకరం గెట్టు మీద నడిచిన వాదన ఇది. మే నెల, రోహిణి కార్తె ఇంకా రాలేదు. ఒకరు ఊళ్ళోనే సేద్యం చేసుకునే చిన్నాయన. రెండోవారు హైదరాబాద్‌లో కొలువు చేస్తూ, భర్తతో కలిసి సెలవు రోజుల్లో వచ్చి నాలుగు గింజలు పండిద్దామనుకుంటున్న అన్న బిడ్డ. ఇట్లాంటి ఇద్దరు ప్రతి ఊళ్ళో ఉన్నారు కాబట్టి పేర్లతో పని లేదు.

చిన్నాయన: జేసీబీ మాట్లాడిన. ఎల్లుండి పొద్దుగాల వస్తది. ఒక్క పూటల సాఫు. ఈ గెట్టు మీద నిలబడితె ఆ గెట్టు కనబడాలె.

బిడ్డ: ఎకరం మొత్తమా? మేము ఐదు గుంటలే అనుకున్నం చిన్నాయనా. ఈ ఏడు ఐదు, మీదేడు ఇంకో ఐదు...

చిన్నాయన: ఎకరానికి నలభై గుంటలు. నీ లెక్కన ఎనిమిదేండ్లు. అప్పటిదాంక తుమ్మ ఊకుంటదా?

బిడ్డ: ఊకోదు. కాని ఎకరం సాఫు చేసి ఏం వెయ్యాలె? మేము శనివారం రాత్రి వస్తం, ఆదివారం మాపటికి పోతం. తెరిచి పెట్టిన నేల ఖాళీగ ఉంటదా? మిరుగు చినుకు పడంగనే ఇప్పుడున్న దానికన్న దండిగ కలుపు వస్తది. లోపల ఎన్నో ఏండ్ల సంది పడి ఉన్న విత్తనానికి వెలుతురు చూపెట్టినట్టయితది.

చిన్నాయన: వరి వెయ్యి. నాట్లు గుత్తకిస్త. గడ్డిమందు కొట్టిపిస్త. మిషిన్ తోని కోపిస్త. నువ్వు హైదరాబాద్‌ల కూసోని పైసల లెక్క చూసుకో.

బిడ్డ: అట్లయితే మేమెందుకు? వరి నువ్వే వేసుకోరాదు? పైంగ ఇది ఎర్ర చెల్క. పోసిన నీళ్ళు పోసినట్టు ఇంకుతయి. ఆ నీళ్ళు గూడ ఎప్పటికీ వస్తయని రాసిచ్చినోళ్ళు లేరు. 2023 అక్టోబర్‌ల మేడిగడ్డ బ్యారేజీ కుంగింది. ఆ తర్వాత ఎల్లంపల్లి నుంచి మిడ్ మానేరుకు, ఆడికెళ్ళి అన్నపూర్ణకు, అన్నపూర్ణ నుంచి మనకు ఎత్తిపోస్తున్నరు. మోటర్లు నడిచిన ఏడు నడిచినట్టు.

చిన్నాయన: నీళ్ళు తక్కువైనయని వరి ఆపినోడు మా ఊర్ల ఎవ్వడు లేడు. సరే, వరి సంగతి ఇడిసిపెట్టు. ముందు తుమ్మ సంగతి చెప్పు. రెండుపార్ల కొట్టిచ్చిన. బొగ్గులోళ్ళు పుణ్యానికి కొట్టుకపోయిండ్రు. ఏమైంది? ఒక్క మొద్దుకు పది కొమ్మలు లేచినయి.

సర్కారు తుమ్మ ఈ నేలది కాదు. అమెరికా ఖండం వైపు నుంచి విత్తనం తెప్పించి, 1877 ప్రాంతంలో అటవీ శాఖవాళ్ళు కడప వైపు నాటించారు. దేశంలో దాని తొలి మజిలీల్లో మన తెలుగు నేల ఒకటన్నమాట. కరువు సీమలో వంటచెరకు దొరుకుతుందన్నది అప్పటి ఆలోచన. వంటచెరకు దొరికిన మాట నిజమే. పొయ్యిలోకి గ్యాస్ వచ్చాక దాన్ని కొట్టేవాళ్ళు తగ్గారు, అది మాత్రం తగ్గలేదు.

బిడ్డ: వాళ్ళు భూమికి పైన కొట్టిండ్రు చిన్నాయనా. వేరు, మొదలు కలిసే కాడ కండ్లుంటయి. భూమికి జానెడు లోపలికి తవ్వి, ఆ కండ్లకు కింద తెంపితె ఇగ లేవదు. తెగిన వేరుకు సొంతంగ మొలిచే శక్తి లేదు.

చిన్నాయన: గదే నేననేది! జానెడు లోతు ఎవలు తవ్వుతరు? నువ్వా, నీ పెనిమిటా? గడ్డపార పడితె పొద్దుమీకెల్లకు రెండు మొద్దులు తీస్తరు, తెల్లారి చేతులకు బొబ్బలు. కైకిలోళ్ళను పిలిస్తె తుమ్మ ముళ్ళకు ఎవ్వలు రారు. జేసీబీ పన్నుకు మొద్దు నిమిషంల పైకొస్తది. మిషిన్ అంటె ఎందుకు గంత భయం?

బిడ్డ: మిషిన్ అంటె భయం లేదు. ముందటి తొట్టితోని గీకుడంటె భయం. పోయినేడు అవతలి చెల్కల చూసిన. పొదలతోని పాటు పైమట్టి మొత్తం గీకి గెట్టుకు నూకిండు. ఎర్ర చెల్కల బలమున్న మన్ను ఎంత? పైన జానెడు. అది పోతె కింద మొరమే. ఆ రైతు ఇప్పుడు గెట్టు మీది మన్నును ట్రాక్టర్‌తోని మల్ల పొలంలకు మోయిస్తున్నడు.

చిన్నాయన: ...అది నిజమే. ఆడు డ్రైవర్‌ను ఇడిసిపెట్టి ఇంటికి పోయిండు.

ఇక్కడ నేను చిన్నాయన పక్షమే, బిడ్డ షరతుతో. తుమ్మ మొద్దుల దగ్గర చేతిపని గొప్పదని చెప్పేవాళ్ళు గడ్డపార పట్టి ఉండరు. కాని జేసీబీ వెనక ఉండే పంటి తొట్టితో మొద్దు పెకిలించడం ఒక పని, ముందున్న వెడల్పాటి తొట్టితో నేలను చదును చేయడం ఇంకో పని. రెండోది అడగకపోయినా డ్రైవర్లు చేస్తారు. నేల నున్నగా కనబడితే ఆసామి సంబరపడతాడని వాళ్ళకు తెలుసు.

చిన్నాయన: ఇంకో మాట. నువ్వు చెప్పలేదు, నేనే చెప్తున్న. ఆ మూలకు మీ నాయిన వేసిన బోరు ఉన్నది. నీళ్ళు పడలే. కేసింగ్ పీక్కపోయిండ్రు. పొక్క ఎక్కడుందో ఇప్పుడు నాకే ఆనవాలు దొరుకుతలేదు, అంత గడ్డి. ఇటు దిక్కు పాత మోటబాయి గూడ ఉన్నది, సగం కూలింది. జేసీబీ రాకముందుగాల ఆ రెండు దొరకాలె.

బిడ్డ: బోరు పొక్క మూయలేదా?

చిన్నాయన: బండ పెట్టినం. బండ ఉన్నదో లేదో.

2020 మే నెలలో మెదక్ జిల్లా పాపన్నపేట మండలంలో మూడేళ్ళ పసివాడు చెల్కలో నీళ్ళు పడని బోరు పొక్కలో పడి చనిపోయాడు. అది మూసి మరిచిన పొక్క కూడా కాదు, అప్పుడే తవ్వింది. గడ్డి కప్పేసిన పాత పొక్క అంతకంటే ప్రమాదం. బీడు బాగు చేయడమంటే మొదటి రోజు పని గొడ్డలితో కాదు. చేతికర్రతో, మోకాలిదాకా వచ్చే బూట్లతో, నేలను కొట్టుకుంటూ నడవాలి. కర్ర చప్పుడుకు పాములూ తప్పుకుంటాయి, రక్తపింజర తప్ప. అది కదలదు, దాన్ని మనమే చూసుకోవాలి. బోరు పొక్క దొరికితే దాని మీద బండ పెట్టి ఊరుకోకుండా మన్నుతో పూడ్చి పైదాకా నింపాలి.

బిడ్డ: మొద్దులకు జేసీబీ ఒప్పుకుంటున్న. ముందటి తొట్టి దించితె మాత్రం నేను అడ్డం నిలబడ్త. ఇగ ఆ లోతట్టు దిక్కు తుంగ సంగతి?

చిన్నాయన: కాలువ ఊట వచ్చినప్పటి సంది మొలిచింది. మునుపు ఆడ పల్లేరు తప్ప ఏది మొలవకపోయేది. రోటవేటర్ రెండు సాళ్ళు కొట్టిపిస్త, పొడి పొడి అయితది.

బిడ్డ: అది ఒక్కటి చెయ్యకు. కింద తుంగగడ్డలు దారంతోని అల్లినట్టు ఒకదానికొకటి ఉంటయి. ఒకటి మొలిస్తె తక్కినయి నిద్రపోతయి. రోటవేటర్ ఆ దారం తెంపుతది, ప్రతి గడ్డ మొలుస్తది. ఒక్క మడి తుంగను పది మళ్ళకు పంచినట్టు.

చిన్నాయన: మరి నాగలి తెంపదా?

బిడ్డ: తెంపుతది. కాని నాగలి పెళ్ళలు లేపి గడ్డలను పైకి తెస్తది. ఈ ఎండకు రెండు వారాలు పైన పడి ఉంటె ఎండి చస్తయి. వాన పడకముందు దున్నితెనే అది. గరక గూడ అంతే. దున్నినంక గోరుతోని ఏరి కుప్పేసి ఎండబెట్టాలె.

చిన్నాయన: ఎండల దుక్కి మా నాయిన గూడ దున్నేటోడు. ఎడ్లు పోయినంక మరిచిపోయినం. (కాసేపు ఆగి) మల్ల ఇగ గడ్డిమందు ఎందుకు వద్దంటున్నవ్? ఆకు మీద పడితె గడ్డదాంక పోతదట.

బిడ్డ: ఆకుతోని తగులుకోని ఉన్న గడ్డదాంక పోతది. నిద్రపోయే గడ్డకు పోదు. లోపలి విత్తనాన్ని ముట్టదు. గ్లైఫోసేట్‌ను రైతులు నేరుగ కొట్టకుండ 2022 అక్టోబర్‌లనే కేంద్రం కట్టడి పెట్టింది.

చిన్నాయన: కట్టడి ఢిల్లీల ఉన్నది. డబ్బా దుకాణంల ఉన్నది. అడిగితె ఇస్తరు.

బిడ్డ: ఇంకో డబ్బా గూడ ఇస్తరు. పారాక్వాట్. దానికి విరుగుడు లేదు. నోట్లెకు పోయినోళ్ళను ఏ దవఖానకు తీసుకపోయినా డాక్టర్లు చేతులెత్తేస్తున్నరు. మేము పిల్లలను తీసుకొచ్చే జాగల అది వద్దు.

ఈ మాటకు చిన్నాయన బదులు చెప్పలేదు. ఊళ్ళో అందరికీ ఆ మందు సంగతి తెలుసు.

చిన్నాయన: సరే. నీ ఐదు గుంటలు మందు లేకుంటనే చేసుకో. పక్క ముప్పై ఐదు గుంటలల్ల వయ్యారిభామ పూస్తది. ఒక్క చెట్టుకు వేల గింజలు. గాలికి నీ మళ్ళెకే వస్తయి. ఎన్ని ఆదివారాలు పీకుతవ్?

బిడ్డ: పూతకు రాకముందు కోస్తె గింజ ఎట్ల అయితది? గడ్డి కోసే మిషిన్ భుజానికి ఏసుకోని నెల పొద్దుకొకసారి ముప్పై ఐదు గుంటలు కోస్తె చాలు. కొయ్యుడు వేరు, తవ్వుడు వేరు. కోస్తె నేల మూసుకోనే ఉంటది. తవ్వితె తెరుచుకుంటది. తవ్వింది ఎంతో విత్తింది అంతే ఉండాలె.

చిన్నాయన: వయ్యారిభామ ఒట్టి చేతులతోని పట్టకు. ఒళ్ళంత దద్దులు లేస్తయి, దమ్ము వస్తది. వాన పడిన తెల్లారి పీకు, ఏరుతోని వస్తది.

చూశారా, ఎదిరిస్తూనే పని నేర్పుతున్నాడు. పట్నం నుంచి వచ్చి బీళ్ళు బాగు చేద్దామనుకునేవాళ్ళకు ఊళ్ళో దొరికే ఆస్తి ఇదే. చాలామంది ఫోన్లో వీడియోలు చూసి, పక్క చెల్క రైతును పలకరించకుండానే పని మొదలుపెడతారు.

బిడ్డ: బలానికి గొర్లమంద పెట్టిపిద్దామనుకుంటున్న. నాలుగు రాత్రులు మంద పండితె పెంట తోలే పని ఉండదు గద.

చిన్నాయన: (నవ్వి) గిప్పుడా? ఎండకాలం గొర్లు, మేకలు ఏం తింటున్నయో చూసినవా? తుమ్మకాయ. తియ్యగ ఉంటది. గింజ అరగది. పెంటికెతోని బయటికొస్తది, పెంటికెలనే మొలుస్తది. జేసీబీతోని మొద్దులు తీపిచ్చి, మందతోని తుమ్మ విత్తుకుంటవా?

బిడ్డ: ...ఇది నేను చదువలేదు.

చిన్నాయన: కాయ అయిపోయినంక, వానకాలం మేత మేసేటప్పుడు పెట్టిపిచ్చుకో. ఈ ఏడుకు మాగిన పెంట ఒక ట్రాక్టర్ నేనిస్త.

బిడ్డ: పెంటకు ముందు తొలకరికి జనుము చల్లుత. నలభై ఐదు, యాభై రోజులకు పూతకొస్తది, అప్పుడు కలియదున్నాలె. గడ్డిని లేవనియ్యదు, నేలకు బలమిస్తది. యాసంగి ముంగట ఉలువలు. కూరగాయలు ఒక గుంటల.

చిన్నాయన: ఆ ఒక గుంట కోతులకు. పల్లి బందైంది, మక్కలు సగం అడవిపందులకు పోతున్నయి. తవ్విన తుమ్మ కంపను కాలవెట్టకు, చుట్టు కంచె వెయ్యి. పందులకు అడ్డం పడ్తది. కోతికి ఏ కంచె లేదు, మనిషి ఉండాలె. నువ్వు ఆదివారం మనిషివి.

బిడ్డ: మన పాత మెదక్ జిల్లాలనే జహీరాబాద్ దిక్కు ఆడోళ్ళు బీళ్ళు లేపలేదా? పస్తాపూర్ డీడీఎస్ సంఘాలోళ్ళు. 1983ల పెట్టిండ్రు. తొంభైలల్ల ఊరూర పడావుపడ్డ భూములను అడ్వాన్సు తీసుకోని దున్నిండ్రు, అప్పు జొన్నల రూపంల తిరిగి కట్టిండ్రు, ఆ జొన్నలను ఊర్లె పేదోళ్ళకు తక్కువ ధరకు ఇచ్చిండ్రు. 2019ల వాళ్ళకు ఐక్యరాజ్యసమితోళ్ళ ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఎర్ర చెల్కలే అవి గూడ. నీళ్ళు లేవు, జేసీబీలు లేవు.

చిన్నాయన: వాళ్ళు ఊర్లె ఉన్నరు. పొద్దుగాల లేస్తె చెల్క. అప్పు జొన్నలల్ల కట్టాలె కాబట్టి పండిచ్చిండ్రు. నీకు పంట రాకుంటె ఏమైతది? నెల జీతం వస్తది. బీడు లేవాలంటె గది కాదు లెక్క.

బిడ్డ: అందుకే ఐదు గుంటలు అంటున్న! లండన్‌ల నా దోస్తు ఉంటది. ఆడ మునిసిపాలిటీ లెక్క ఉండేటోళ్ళు 1908 చట్టం కింద పట్నపోళ్ళకు తోటముక్కలు కిరాయికిస్తరు. నిండు ముక్క పది రాడ్లు. మన లెక్కన సరిగ్గ రెండున్నర గుంటలు. దాంట్ల గూడ కొత్తోళ్ళకు సగమే ఇస్తరు చానా చోట్ల. నిండు ముక్క ఇస్తె గడ్డి చూసి ఏడాదిలనే ఇడిసిపెట్టి పోతరట. పండియ్యకుంటె వాపస్ తీసుకుంటరు.

చిన్నాయన: రెండున్నర గుంటలంటె నా గొడ్ల కొట్టం, దాని వాకిలి. దాంట్ల సగమిస్తరా! (నవ్వు తగ్గాక) కాని పండియ్యకుంటె వాపస్ తీసుకునుడు బాగున్నది. ఈడ పండియ్యకున్నా పైసలిచ్చిండ్రు. 2018ల రైతుబంధు వచ్చినప్పుడు ఎకరానికి నాలుగు వేలు, తర్వాత ఐదు. ఈ బీడుకు మీ నాయిన ఖాతాల పడ్డయి. పక్కన కౌలుకు దున్నినోనికి రూపాయి రాలే.

బిడ్డ: అది నాకు తెలుసు.

చిన్నాయన: తెలుసుడు వేరే. తవ్వింది ఎంతో విత్తింది అంత అన్నవ్ గద. మంచి మాట. మరి ఆ ముప్పై ఐదు గుంటలు నెల పొద్దుకొకసారి గడ్డి కోసి పండవెడ్తవా? మన వాడకట్టుల భూమి లేనోడు ఉన్నడు, పెండ్లాం ఉన్నది, ఇద్దరికి చేతులున్నయి. సాగర్ కిందికి భూమి పోయినోళ్ళున్నరు. జేసీబీ మొద్దులు తీస్తది, మీరు ఐదు గుంటలు చేసుకోండ్రి. తక్కింది కౌలుకియ్యి. ఆడు కందులో జొన్నలో వేస్తడు, నీ మళ్ళకు కోతుల కావలి గూడ అయితది.

బిడ్డ: నాయిన ఒప్పుకోడు. కాయితం రాసిస్తె భూమి పోతదంటడు.

చిన్నాయన: మీ తాత గూడ గదే అనేటోడు. వాళ్ళ నాయిన కాలంల రక్షిత కౌలుదారుకు రాసిచ్చినోళ్ళ భూములు పోయినయని.

వాదన అక్కడికి వచ్చాక ఇద్దరూ గెట్టు దిగి బోరు పొక్క వెతకడానికి పోయారు. మిగిలిన మాట నేను చెప్తాను.

తాత భయానికి కారణం ఉంది. హైదరాబాద్ రాష్ట్రంలో 1950లో వచ్చిన కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చింది. తర్వాత అందులో 38-ఇ సెక్షన్ కింద కొందరికి పట్టా కూడా వచ్చింది. భూమి లేనివాడికి అది న్యాయమే. కాని ఆ జ్ఞాపకంతోనే తెలంగాణలో పట్టాదారులు డెబ్బై ఏళ్ళుగా నోటిమాట మీద కౌలుకిస్తున్నారు, లేకపోతే బీడు పెడుతున్నారు. కౌలు కార్డు సంగతి వేరు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన భూ అధీకృత సాగుదారుల చట్టం కింద కౌలురైతుకు ఇచ్చే రుణ అర్హత కార్డు ఒక్క ఏడాదికే. బ్యాంకు పంటరుణానికి పనికొస్తుంది. భూమి మీద హక్కుకు సాక్ష్యంగా పనికిరాదు. అమలు అంతంతమాత్రంగా ఉన్న మాట నిజమే, కాని చట్టం ఉంది.

తుమ్మ మొద్దుల దగ్గర చిన్నాయన మాట, నేల తెరిచే కొలత దగ్గర బిడ్డ మాట నాకు సరైనవిగా తోచాయి. ఎకరం ఎవరికిచ్చేదన్న చోట మళ్ళీ చిన్నాయనదే గెలుపు. ఊళ్ళో పడావుపడ్డ చెల్క ఉండి ఈ ఎండాకాలం దాన్ని బాగు చేద్దామనుకునే పాఠకులు, జేసీబీకి ఫోన్ చేసే ముందు రెండు పనులు చేయండి. పాత బోరు పొక్క ఎక్కడుందో ఊరి పెద్దవాళ్ళను అడిగి పూడ్చండి. మీ చేతికి అందని గుంటలను ఎవరికి కౌలుకివ్వవచ్చో వాళ్ళనే అడగండి. మిరుగు జూన్ మొదటి వారం దాటగానే వస్తుంది.